ఆఖరి ఫొటోకి ఎర్ర ఫిల్టరు

తిరువూరు బస్టాండులో కూర్చుని, ఆకాశంలో ఎర్రగా వెలిగే వాయుమేఘానికి, అదే నెబ్యులాకి, కెమెరా ఫిల్టరు ఎంచిపెట్టిన ఫొటోగ్రాఫర్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

ఆ రోజు నేనూ మా ఆవిడా నెమలి ఊరికెళ్ళే బస్సు కోసం ఎదురుచూస్తున్నాం. పక్కన ఒకమ్మాయి ఫిల్మ్ కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర ఫిల్టరునూ పసుపు ఫిల్టరునూ మార్చి మార్చి చూస్తోంది. నేను స్టూడియో నడిపినవాణ్ణని చెప్పగానే అడిగింది.

"నెబ్యులాకి ఏది పెట్టాలండీ? ఈ బ్లాక్ అండ్ వైట్ రోలు మావారు వేసింది. ఆయన పోయేనాటికి ఒక్క ఫొటో మిగిలింది. అదీ తీస్తే రోలు అయిపోతుంది."

"ఎర్రదేనమ్మా! నెబ్యులా ఎరుపును రానిచ్చి, వీధి దీపాల వెలుగును చాలావరకు ఆపేస్తుంది. ఇలాంటివి ఎన్ని తీశానో!"

నిజానికి ఒక్కటీ తీయలేదు. నేను తీసినవన్నీ పెళ్ళిళ్ళే. ఫిల్టరు సంగతి ఎక్కడో చదివానంతే.

ఆ అమ్మాయి ఎర్ర ఫిల్టరును లెన్సుకు బిగించబోయి, మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"ఆయనా ఎర్రదే అనేవారండీ," అంది.

నా మాట ఆమెకు ధైర్యమిచ్చిందని ఇక్కడ రాస్తుంటే, మా ఆవిడ వెనక నుంచి చదివింది.

"ధైర్యమా, పాడా! ఏ ఫిల్టరూ పనికిరాదని ఎవరైనా అంటే, ఆ రోలు అలాగే ఉంచుకోవచ్చని అడిగిందండీ ఆ పిల్ల. మీరేమో టక్కున చెప్పేశారు."