ముగ్గురం తీసేసిన ఇల్లు

వేసవి సెలవులిస్తే తోటి టీచర్లు చల్లటి ఊళ్ళు వెతుక్కుంటూ పోయేవారు. మేం ముగ్గురం మాత్రం గొడుగులు, నీళ్ళ సీసాలు, రంగుల పెట్టెలు మోసుకుని ఎండలోకే పోయేవాళ్ళం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతి నాకు తెలీదు గానీ మా మాడు మాత్రం పగిలేది. "పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట" అని మా అమ్మ ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడి సాగనంపేది. "చర్చికి రమ్మంటే ఎండంటావు. బొమ్మలకైతే ఎండ ఉండదేటే?"

ముగ్గురమంటే, నేను ఎచ్చెర్ల వైపు ఒక హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. రెండోవారు నాకు కుంచె పట్టుకోవడం నేర్పిన మేష్టారు, అప్పటికే రిటైరయ్యారు. మూడోవాడు విజయనగరంలో బ్యాంకు ఉద్యోగి, మొదటి బస్సుకి శ్రీకాకుళం వచ్చేసేవాడు. తమ్ముడూ అని పిలిచేదాన్ని. తోడబుట్టినవాడేం కాదు, బొమ్మల్లో తోడు.

మేష్టారికి ఒక సూత్రం ఉండేది. "చూసిందల్లా వెయ్యడానికి మనమేం కెమెరాలమా? బొమ్మకి ఏది అక్కర్లేదో అది తీసెయ్యండి." ఆయన చెబితే మాకు వేదమే. ఒకసారి శ్రీకూర్మంలో ఒక నాయకుడి ఫ్లెక్సీని, కొబ్బరిబొండాల బండిని, నిక్షేపం లాంటి సెల్ టవర్‌ని గుటుక్కున మింగేశాం. కాగితం మీద గోపురం, ఆకాశం, నాలుగు కాకులు మిగిలాయి. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ ఏడు కళింగపట్నం దాటాక ఉన్న ఒక చిన్న మత్స్యకార పల్లెకి వెళ్ళాం. వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు సముద్రంలోకి పోకూడదు. పడవలన్నీ ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి. అవి కదలవు కాబట్టి మాకు పండగ. అవి కదలకపోతే ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ఆలోచన మాకు రాలేదు.

గట్టు మీద ముందు వరసలో అందమైన తాటాకు ఇళ్ళు రెండు ఉన్నాయి. వాటి మధ్య రేకులిల్లు ఒకటి. రేకుల మీద నీలం టార్పాలిన్, దాని మీద పాత వల, వల ఎగిరిపోకుండా రాళ్ళు, ఆ పైన వంకరగా ఒక డిష్షు. ముగ్గురం తలో చోట స్టాండ్లు నిలబెట్టి, బొటనవేలు చాచి, ఒక కన్ను మూసి కొలతలు చూసుకుని పనిలో పడ్డాం. సముద్రపు గాలికి రంగు వేసినచోటే ఆరిపోతోంది. ఇసుక ఎగిరొచ్చి తడి ఆకాశానికి అంటుకుంటోంది.

ఒకామె వచ్చి నా పక్కన నిలబడింది. నాకంటే కొంచెం పెద్దది. మోచేతుల దాకా ఎండుచేపల పొలుసు అంటుకుని మెరుస్తోంది.

"ఏటి సేస్తన్నారు?"

"బొమ్మలేస్తున్నాం అప్పా."

"ఎవులెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. మా సరదా."

"ఎవులూ ఎయ్యమనకుండా ఈ ఎండలో ఎవులేస్తారు?"

మా అమ్మా అదే అడిగేది. నేను కుంచె ముంచుకున్నాను. ఆమె ఇంకో అడుగు ముందుకేసి సరిగ్గా కాగితానికి అడ్డంగా నిలబడింది. "నీడ పడుతోంది, పక్కకి జరుగప్పా" అన్నాను. "పడనీ" అంది. నాకసలే ముక్కు మీద కోపం. "పడనీ ఏమిటి? ఇక్కడ రంగు ఆరి చస్తోంది!" అని అరిచాను. ఆమె నా అరుపు విన్నట్టే లేదు. కాగితం మీదికి వంగి, తాకకుండా వేలు చూపిస్తూ చదువుకుంటోంది.

"ఇది మా బావగోరిల్లు. ఇది మా మరిదోలది. మద్దెన ఇల్లేది?"

"మధ్యన..."

"మా ఇల్లమ్మా. ఎదురుగానే ఉన్నాది కదా, కళ్ళు కనపడవేటి?"

నా బొమ్మలో రెండు తాటాకు ఇళ్ళ మధ్య సముద్రం కనిపిస్తోంది. ఆమె చరచరా తమ్ముడి దగ్గరకి వెళ్ళింది. వాడు ఆ చోట ఒక కొబ్బరిచెట్టు నాటేశాడు. "మా ఇంటి మీద సెట్టెట్టీసినావేటి బాబూ?" అంది. తర్వాత మేష్టారి స్టాండు దగ్గరకి పోయి చూసింది. అక్కడ ఉత్త ఇసుక. ముందుగా మాలో మేం ఒక్క మాట అనుకోలేదు. ఎవరికి వారే, ఆ ఒక్క ఇంటినే తీసేశాం.

"ముగ్గురూ తీసీసినారు" అంది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గొంతు బాగా దిగిపోయింది. "సలికాలంలో సర్వేవోలూ ఇలగే వచ్చినారు. మూడుకాళ్ళది ఎట్టి, ఒక కన్ను మూసి సూసినారు. మా గోడ మీద ఎర్రగీత గీసీసి ఎల్లిపోనారు. జెట్టీకి రోడ్డొస్తాదంట. కాయితంలో నీ ఇల్లు నేదన్నారు. కాయితంలో నేని ఇల్లు ఇల్లు కాదంట."

అప్పుడు చూశాను ఆ ఇంటి గోడ వైపు. నిజమే, తలుపు పక్కన బెత్తెడు ఎర్రగీత. నా కళ్ళు దాన్నీ తీసేశాయి. మావీ మూడుకాళ్ళ స్టాండ్లే. మేమూ ఒంటికన్నుతో చూసేవాళ్ళమే. పడవ అంచుకని కలుపుతున్న ఎర్రరంగు నా వేళ్ళకి ఇంకా అంటుకునే ఉంది. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే అంటారు. మేం తాడుకంటే కొంచెం ఎక్కువగానే పాములా ఉన్నాం. పొంగిన పాల మీద నీళ్ళు చల్లినట్టు నా కోపం చప్పున దిగిపోయింది.

తమ్ముడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, మేం సర్వే వాళ్ళం కాదని, ఇవి ఉత్త బొమ్మలని.

"ఉత్త బొమ్మలైతే మా ఇల్లెందుకు తీసీసినారు?"

నీ ఇల్లు అందంగా లేదని చెప్పే నోరు మాలో ఎవరికీ లేదు.

మేష్టారు వేసిన బొమ్మ ఊడదీసి పక్కన పెట్టారు. కొత్త కాగితం బిగించి, స్టాండు ఎత్తుకెళ్ళి ఆ రేకులింటికి ఎదురుగా నిలబెట్టారు. "రా అమ్మా. నీ ఇంట్లో ఏమేం ఉన్నాయో చెప్పు, ఒక్కటీ వదలకుండా వేస్తాను" అన్నారు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఆమె ముందు నమ్మలేదు. గోడ రూపం వచ్చాక దగ్గరకి జరిగింది. తర్వాత ఇక ఆపలేకపోయాం. "ఆ రేకులు తుపానుకి ఎగిరిపోతే ఎండుసేపలమ్మి మల్లీ ఏసినాను, అవి సరిగ్గా ఎయ్యి. గుమ్మం కాడ ములగసెట్టు మర్సిపోనావు. డిష్షు తిన్నగా ఎట్టీకు బాబూ, తిన్నగా ఎడితే టీవీ రాదు." చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పోగై నవ్వడం మొదలుపెట్టారు. వలలు అల్లుకుంటున్న మగవాళ్ళూ లేచొచ్చారు. నీలం టార్పాలిన్ వేస్తుంటే నేను కూడా ఒప్పుకోక తప్పలేదు, ఆ పల్లె మొత్తంలో ఆకాశం కంటే నీలంగా ఉన్నది అదొక్కటే.

చివరికి మేష్టారు కుంచెని ఎర్రరంగులో ముంచారు. ఒక్కటీ వదలనన్నారు కదా.

"అదొద్దు బాబూ" అంది ఆమె. "ఆ గీత తీసీండి."

మేష్టారు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, కుంచె కడిగేసుకున్నారు. గోడ తెల్లగానే ఉండిపోయింది.

బొమ్మ ఆరాక ఇచ్చేశారు. ఆమె రెండు చేతులతో పట్టుకుని, "కింద సంతకం ఎట్టండి. తేదీ కూడా ఎయ్యండి" అంది.

"సంతకం దేనికమ్మా?"

"ఆల్లొస్తే సూపిస్తాను. కాయితంలో మా ఇల్లు ఇదిగో, ఉన్నాది అని."

నేను నోరు తెరవబోయాను. మేష్టారు కళ్ళతోనే ఆపారు. సంతకం చేసి, కింద విశ్రాంత డ్రాయింగు మాస్టరు అని గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆమె ఆ అక్షరాలు చూసి, "ముద్ర నేదేటి?" అంది. లేదమ్మా అన్నారు. పోనీలే అన్నట్టు తలూపి, లోపలికెళ్ళి ఎండు నెత్తళ్ళ చేపలు ఒక కవరు నిండా తెచ్చి నా సంచీలో కుక్కింది.

ఆటోలో కవరు వాసన గుప్పుమంటోంది. తమ్ముడు ఉండబట్టలేక, "ఆ కాగితం చెల్లదని చెప్పాల్సింది మేష్టారూ. పాపం, నమ్మేసింది" అన్నాడు.

"అయితే నువ్వే చెప్పకపోయావా, నీ నోరేమైంది?" అని వాడి మీద విరుచుకుపడ్డాను.

మేష్టారు బయటికి చూస్తూ, "ఇవ్వడానికి నా దగ్గరున్నది అదే కదమ్మా" అన్నారు.

మరుసటి వేసవి ఆయన కంటికి ఆపరేషను, ఎక్కడికీ పోలేదు. ఆ పై వేసవికి వెళితే, మా ఆటో ఇదివరకటిలా ఇసుక దగ్గర ఆగలేదు. నల్లటి తారురోడ్డు మీద సముద్రం దాకా జర్రున పోయింది. ముందు వరసే లేదు. తాటాకు ఇళ్ళూ లేవు, రేకులిల్లూ లేదు. నా పాత బొమ్మలో వేసినట్టే అక్కడ సముద్రం కనిపిస్తోంది.

అడిగితే, జీడితోటల అవతల కాలనీ ఇచ్చారన్నారు. సముద్రం చప్పుడైనా వినబడనంత దూరం. అక్కడికి పోతే, మేం వెతుక్కోనక్కర్లేకుండా ఆమే గుర్తుపట్టింది. "ఒలమ్మో, బొమ్మలోలు!" అంటూ లోపలికి లాక్కెళ్ళింది. ఒకటే గది. గోడ మీద దేవుడి క్యాలెండరు పక్కన ప్లాస్టిక్ కవర్లో ఆ బొమ్మ. ఆకాశం కాస్త వెలిసింది. టార్పాలిన్ నీలం అలాగే ఉంది.

తమ్ముడే అడిగాడు. "వాళ్ళకి చూపించావా అప్పా?"

"సూపించకేటి? ఆల్లలో పెద్దాయన కళ్ళజోడెట్టుకుని మరీ సూసినాడు. 'బొమ్మ శానా బాగుంది, ఎవులేసినారు' అని అడిగినాడు. మీ పేరు సెప్పినాను బాబూ. ఫోన్లో పొటో కూడా తీసుకున్నాడు." కొంగుతో ఆ కవరు మీద దుమ్ము తుడిచింది. "మర్నాడు పొక్లైనొచ్చినాది."

బొమ్మ బాగుందన్న మాట కోసం మేం ముగ్గురం ఎన్నేళ్ళు ఎండల్లో మాడామో! ఆ రోజు ఆ మాట విని మేష్టారు బొమ్మకి వీపు పెట్టి కూర్చున్నారు. ఆమెకి మా మీద నిష్ఠూరమేమీ లేదు. అది ఉన్నా బాగుండుననిపించింది నాకు. టీ కాచి, స్టీలు గ్లాసుల్లో పోసి తెచ్చింది. ఆయన చేతిలో గ్లాసు పెడుతూ అంది:

"ఎలాగూ వచ్చినారు కదా బాబూ. ఈ ఇల్లు కూడా ఎయ్యండి. ఈసారి ముందే ఏసీండి, ఎవులూ రాకముందే."

అని నవ్వింది. నవ్వులాటకందో, నిజంగానే అందో ఇప్పటికీ నాకు తెలీదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

టీ తాగి బయటికొచ్చి స్టాండ్లు విప్పాం. మధ్యాహ్నం దాకా వేశాం, కరెంటు తీగలు, నీళ్ళ డ్రమ్ము, ఆరేసిన బట్టలు, వంకర డిష్షు. ఎవరం ఏదీ తీసేయలేదు.