వాలుబల్ల ఎక్కించని జత

ఆ చెప్పుల దుకాణంలో గుమ్మం పక్క కుర్చీ కొలతలాయనది. అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో, వీధంతా ఆయన్ని కొలతలాయన అనే పిలుస్తుంది. ఎవరి పాదమైనా చేతిలోకి తీసుకున్నాడంటే మడమ నుంచి బొటనవేలి దాకా తడిమి చూడందే వదలడు. కొండలెక్కే బూట్లకోసం వచ్చినవాళ్లతో అయితే మరీ చాదస్తం. "పొద్దున్నే కాదండీ, సాయంత్రం రండి. తిరిగి తిరిగి పాదాలు కాస్త ఉబ్బాక చూడాలి. మందపాటి మేజోళ్లు మర్చిపోకండి," అంటాడు. బూట్లు తొడిగాక మూలనున్న వాలుబల్ల ఎక్కించి కిందికి నడిపిస్తాడు. దిగేటప్పుడు వేళ్ల కొసలు ముందు తగిలాయా, డబ్బు రెట్టింపు ఇస్తామన్నా ఆ జత అమ్మడు.

ఇంత నిక్కచ్చి మనిషి ఇంట్లోనే చిచ్చు మొదలైంది.

ఆయన భార్య ఒక బడి ఆఫీసులో పనిచేస్తుంది. పంటి నొప్పి అని వీధి చివర పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి, పన్ను పీకించుకుని, సెలవురోజుల్లో కొండలెక్కే బృందంలో చేరి మరీ తిరిగొచ్చింది. ఆ బృందానికి పెద్ద ఆ డాక్టరే. ఇక ఇంట్లో డాక్టరు గారి జపం పట్టుకుంది. డాక్టరు గారు లిఫ్టు ఎక్కరట. డాక్టరు గారు కూత విని పిట్ట పేరు చెప్పేస్తారట.

"పళ్లు పీకేవాడికి పిట్టలతో ఏం పని?" అన్నాడు కొలతలాయన ఉండబట్టలేక.

"మీకు అన్నిటికీ వెటకారమే," అని నవ్వేసింది ఆవిడ.

ఆ నవ్వుకి ఆయన ఒళ్లు భగ్గుమంది. అద్దం ముందు నిలబడి తన పొట్ట చూసుకున్నాడు. పళ్లు కూడా చూసుకున్నాడు, ఆ సంగతి మనం మాట్లాడుకోకపోవడమే మర్యాద. అసూయండీ, అచ్చమైన అసూయ. దానికి ప్రేమని ముద్దుపేరు పెట్టి నేను వెనకేసుకురాను. పిల్లలు ఎవరి సంసారాలు వాళ్లు చూసుకుంటున్న వయసులో, ఈ పెద్దమనిషి కొత్త పెళ్లికొడుకులా కుతకుతలాడిపోయాడు.

చిన్న గుట్టలు అయిపోయాయి. వచ్చే సెలవుకి పెద్ద కొండ అనుకున్నారు.

"డాక్టరు గారు తనకి తెలిసిన చోట మంచి బూట్లు ఇప్పిస్తానన్నారండీ. మా ఇంట్లో అంతటి మనిషిని పెట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్తానా అన్నాను," అంది ఆవిడ గొప్పగా.

ఇంకొకడైతే ఆ మాటకి కరిగి నీరయ్యేవాడు. ఈయన చెవికి మాత్రం డాక్టరు ఇప్పిస్తానన్న ముక్కే ఎక్కింది. ఒక్కసారి కాళ్లు బొబ్బలెక్కితే కొండా వద్దు, డాక్టరూ వద్దు, తనే మానేసి ఇంటిపట్టున ఉంటుంది అనుకున్నాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్. అప్పుడైతే దుకాణం ఖాళీగా ఉంటుంది," అన్నాడు.

పొద్దున్నే వచ్చింది, పల్చటి మేజోళ్లతో. ఏ పెట్టె తియ్యాలో ఆయన చేతికి తెలుసు. చెయ్యి అటే వెళ్లింది కూడా. దాన్ని వెనక్కి లాక్కుని, ఒక నంబరు తక్కువది తీశాడు. చూడ్డానికి ముచ్చటైన జత.

"కొంచెం బిగువుగా ఉన్నట్టున్నాయండీ."

"కొత్తవి కదా, నాలుగడుగులు వేస్తే సాగుతాయి."

ఆ మాట ఇంకెవరైనా అంటే దుకాణం దద్దరిల్లేలా అరిచేవాడు.

"మరి ఆ బల్ల ఎక్కొద్దా?"

"నేను చేత్తో చూశానుగా, నీకెందుకు?" అన్నాడు లేసులు ముడేస్తూ, తలెత్తకుండా.

సెలవురోజు ఆవిడ చీకటితోనే వెళ్లిపోయింది. కొలతలాయనకి మాత్రం ముద్ద దిగలేదు. కాసేపు బాగా అయిందనుకున్నాడు. కాసేపు వీధిలోకి తొంగిచూశాడు. సాయంత్రం గుమ్మం ముందు బండి ఆగిన చప్పుడుకి ఒక్క ఉదుటున లేచాడు.

ఆవిడ కుంటుకుంటూ దిగింది. బూట్లు చేతిలో ఉన్నాయి. కాళ్లకి పడవల్లాంటి మగ చెప్పులు!

"డాక్టరు గారివండీ," అంది కుర్చీలో కూలబడి. "దిగేటప్పుడు ప్రాణం పోయిందనుకోండి. ఆయన ఎంత కొండైనా చెప్పులతోనే ఎక్కుతారుగా, అవి విప్పి నాకిచ్చి, పాపం రాళ్ల మీద ఉత్తకాళ్లతో నడిచారు. చెయ్యి పట్టుకుని కింద దాకా దింపారు."

చెయ్యి పట్టుకుని! ఏది జరుగుతుందేమోనని ఇన్నాళ్లూ కుమిలిపోయాడో, దాన్ని తనే దగ్గరుండి జరిపించాడు.

కిందకూర్చుని ఆవిడ పాదం ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయింది. తాకితే ఆవిడ విలవిల్లాడింది.

"బూట్లు పొట్టివని ఆయన అందరి ముందూ అనేశారు," అంది. "నేను ఊరుకుంటానా? మా ఆయన కొలత తప్పదు, నా కాళ్లే వాచాయని గట్టిగా దెబ్బలాడాను. ఏదీ, మీరోసారి చూసి చెప్పండి. రేపు వెళ్లి ఆయన నోరు మూయిస్తాను."

పక్కనున్న బూటు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఔను, నీ కాళ్లే వాచాయి అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేసేది కూడా. కొలతలాయన బూటు వైపు చూశాడు. కమిలిన గోరు వైపు చూశాడు.

"పొట్టివే," అన్నాడు.

"పొరపాటున ఇచ్చారా?"

ఆయన తలొంచుకుని కుర్చీ పక్కన ఆవిడ విడిచిన ఆ పెద్ద చెప్పుల కేసి చూశాడు. ఆవిడ కూడా అటే చూసింది. పాదం మెల్లగా ఆయన ఒళ్లోంచి తీసేసుకుంది.

"అంతమంది ముందు మీకోసం దెబ్బలాడాను కదండీ," అంది. గొంతులో కోపం లేదు. ఉన్నా బావుండునని కొలతలాయనకి అనిపించింది. "రేపు మీరే వెళ్లి ఆయన చెప్పులు ఆయనకిచ్చి రండి. కొలత ఎవరు తప్పారో కూడా మీరే చెప్పండి."

"అలాగే," అన్నాడు. లేపుదామని చెయ్యి చాచాడు.

ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. గోడ పట్టుకుని లేచి, ఆ వదులు చెప్పుల్లోనే కాళ్లు పెట్టుకుని, ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది.