ఓబులమ్మ అక్క పాత బ్రౌజర్

కంప్యూటర్లు బాగుచేసేవాడు దెయ్యాలను నమ్మడం మొదలుపెడితే ఇక కొంప మునిగినట్టే. మిషన్ ఎందుకు ఆగిందో వెతకడం మానేసి నిమ్మకాయలు కోస్తూ కూర్చోవాలి. నేను ఆ రకం కాదు. మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక ఆఫీసులో ఎనిమిదేళ్లుగా నాది ఇదే పని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఓబులమ్మ అక్కది కడప వైపు. మా రూమ్‌కు దగ్గర్లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. నాది జగిత్యాల. ఒకరి మాట ఒకరికి వింతే అయినా, శుక్రవారం సెలవు దొరికితే చాలు, నాకు అలసంద వడలు తెస్తుంది. సొంత అక్క కూడా నాకు అన్ని వడలు పెట్టలేదు.

ఆమె భర్త సుబ్బయ్య మస్కట్‌కు దూరంగా ఇబ్రిలో బిల్డింగ్ సైట్ పని చేసేవాడు. ఒకే దేశంలో ఉన్నా వాళ్లు కలిసేది రెండు మూడు నెలలకోసారి. ఆ మధ్యలో ఆయన తన మాటలు రికార్డు చేసి పంపేవాడు. ఫోన్లు పోతాయని భయం. అందుకే వాటిని ఇంటర్నెట్‌లో తన అకౌంట్‌లో దాచి, అక్క పాత లాప్‌టాప్‌లో ఆ అకౌంట్ తెరిచి పెట్టాడు.

నిరుడు గుండెపోటుతో పోయాడు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఆయన ఫోన్ నంబర్ కూడా రద్దయింది. ఆ అకౌంట్ తెరిచి ఉన్నది లోకంలో ఆ ఒక్క లాప్‌టాప్ బ్రౌజర్‌లోనే.

ఒక రోజు అది మొండికేసింది. మీ బ్రౌజర్ పాతది, ఈ పేజీ తెరుచుకోదు అంది. అక్క ముఖం చూడలేకపోయాను.

కారణం మామూలుదే. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక వెర్షన్ దాకానే బ్రౌజర్ ఇస్తారు, ఆ తర్వాత ఆపేస్తారు. అక్క లాప్‌టాప్‌లో సిస్టమ్ ఏళ్లుగా అప్‌డేట్ కాలేదు. కొత్త బ్రౌజర్ ఎక్కించబోతే, ఈ సిస్టమ్‌లో నడవనని తిప్పికొట్టింది. పాతదాన్ని కాపీ తీసి నా మిషన్‌లో పెడితే పాస్‌వర్డ్ అడిగింది. మిగిలిన దారి సిస్టమ్‌నే మార్చడం. అందులో అకౌంట్ మూసుకుపోవచ్చు. మూసుకుపోతే ఆయన గొంతు ఇక దొరకదు. ఇదంతా అక్కకు దాచకుండా చెప్పాను.

"చెయ్యి నాయనా. ఇప్పుడు మాత్రం యాడ వినపడ్తాంది?" అంది.

మధ్యాహ్నం సిస్టమ్ అప్‌డేట్ మొదలుపెట్టాను. అరవై శాతం దాటాక ఆగిపోయింది. మార్పులు రద్దు చేస్తున్నామని చెప్పి, కాసేపటికి పాత సిస్టమే మళ్లీ లేచింది. నాకు ఒళ్లు మండింది. కనీసం బ్రౌజర్ పాడవలేదు కదా అని తెరిచి చూశాను.

పేజీ తెరుచుకుంది. పైన సుబ్బయ్య పేరు, కింద వరసగా ఏడు రికార్డింగులు.

వెర్షన్ చూశాను. పొద్దున నన్ను తిప్పికొట్టిన కొత్త బ్రౌజరే. సిస్టమ్ చూశాను. పాతదే, ఒక్క అంకె కూడా మారలేదు. ఈ రెండూ ఒకే మిషన్‌లో ఉండే వీల్లేదు. రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీశాను. తర్వాత ఏడింటినీ గబగబా పెన్‌డ్రైవ్‌లోకి దించాను.

అక్క ఒకటి పెట్టమంది. వెనక కాంక్రీటు మిక్సర్ చప్పుడు, దాని మీద ఆయన గొంతు.

"ఓబులా, నేను తిన్యా. నువ్వు గూడా తిను. ఆ కంప్యూటరు అప్‌డేట్ అడిగితే నొక్కాకు. డేటా అంతా మింగేస్తాది, మళ్లా మనం మాట్లాడుకునేదానికి ఉండదు."

అక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనెప్పుడూ చూడని ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మిషన్ ఒకసారి ఆపి తెరిస్తే మళ్లీ పాత బ్రౌజరే, మళ్లీ అదే పాత పాట.

సీనియర్లకు ఫొటో పంపాను. ఆగిపోయిన అప్‌డేట్ ఏదో మిగిల్చి ఉంటుందని ఒకాయన అన్నాడు. మిషన్ తను చేసిన పనులు రాసుకునే లాగ్‌లన్నీ వెతికాను, కొత్త బ్రౌజర్ ఎక్కిన ఆనవాలు ఎక్కడా లేదు. ఫొటో వేరే మిషన్‌దని ఇంకొకాయన తేల్చేశాడు. కానీ ఫొటో మూలన, తెర అంచు పట్టుకున్న అక్క బొటనవేలు, వంటలో కాలిన మచ్చతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది.

నాకు పంతం పట్టింది. తర్వాతి శుక్రవారం మళ్లీ అదే అప్‌డేట్ నడిపి చూస్తానన్నాను. అక్క లాప్‌టాప్ మూత మూసి ఒళ్లో పెట్టుకుంది.

"వద్దులే నాయనా. ఆయప్ప వచ్చి పని చేసిపెట్టి పాయె. ఊరికే మళ్లా మళ్లా పిలిస్తే అలిసిపోతాడు."

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఆ లాప్‌టాప్ ఒక్కసారి నా చేతికి రావాలి. ఇమ్మని అక్కను మళ్లీ అడగలేకపోయాను.