జూరాకాన్ తిప్పని కాగితం

ఆకాశంలో ఒక నక్షత్రం తప్పిపోతే దేవుడు ముందు మా నాయనమ్మ జూరాకాన్‌కే ఫోన్ చేస్తాడు, అది ఏ బీరువాలో ఏ అరలో ఉందో కనుక్కోవడానికి. మా నారిన్ కొండల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలితే నాయనమ్మే స్వయంగా చెబుతుంది.

ముప్పై ఎనిమిదేళ్ళుగా మా ఊరి గ్రంథాలయం ఆవిడ చేతిలో ఉంది. నాలుగేళ్ళ కిందట దేశంలోని లైబ్రేరియన్లంతా కలిసి టెలిగ్రామ్‌లో "అడగండి, చెబుతాం" అని ఒక గ్రూపు పెట్టారు. గొర్రె కాలు కుంటితే ఏం చెయ్యాలి, పింఛను కాగితం ఎలా నింపాలి, ఎవరు ఏది అడిగినా పుస్తకం తీసి, పేజీ ఫోటోతో జవాబు పెడతారు. ఆ గ్రూపులో నాయనమ్మకు ఒకే ఒక శత్రువు ఉంది. ఎక్కడో దూరాన తలాస్ ఊరి లైబ్రేరియన్ కెంజెకాన్. అందరికన్నా ముందు జవాబు పెట్టేది ఎప్పుడూ ఆవిడే.

మే నెలలో ఒక మధ్యాహ్నం నాయనమ్మ పక్కింట్లో టీ తాగుతుండగా గ్రూపులో ప్రశ్న వచ్చింది. అడిగింది మా ఊరి సోల్తోబాయ్. "మా అన్న కొడుకు ఎర్నిస్‌కి బడి టీచరు జాజ్‌గుల్‌ను అనుకున్నాం. పిల్ల చెవులకు నిశ్చయం కమ్మలు కూడా పెట్టేశాం. ఇప్పుడు ఒక ముసలాయన ఏదో అనుమానం పెట్టాడు. పైన ఏడు తరాల్లో మా రెండిళ్ళూ ఎక్కడైనా కలుస్తాయా?"

కలిస్తే పెళ్ళి లేదు. అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క.

ఊళ్ళోని వంశాలన్నీ చనిపోయిన ఒక గొర్రెల కాపరి చేత్తో రాసిన నోటుబుక్కులో ఉన్నాయి. అది గ్రంథాలయం బీరువాలో ఉంది. గ్రంథాలయం రెండు వీధుల అవతల ఉంది. తాళంచెవి నాయనమ్మ జేబులోనే ఉంది.

ఫోన్‌లో కెంజెకాన్ పేరు పక్కన మూడు చుక్కలు కదులుతున్నాయి. అవతల ఆవిడ టైపు చేస్తోంది.

"మా ఊరి సంగతి తలాస్ దానికేం తెలుసు?" అంటూ నాయనమ్మ టీ గిన్నె కింద పెట్టి, గుర్తున్నది గుర్తున్నట్టు కొట్టి పంపేసింది. "కలుస్తాయి. ఐదో తరంలో. ఇద్దరూ బోరోంబాయ్ సంతానమే."

మూడు వందల పన్నెండు మంది ఎర్రగుండె గుర్తు పెట్టారు. పదకొండు గ్రంథాలయాలు ఆ జవాబును తమ పేజీల్లో వేసుకున్నాయి. నాయనమ్మ మూడు రోజులు మెడ నిటారుగా పెట్టుకుని నడిచింది.

నాలుగో రోజు కెంజెకాన్ రాసింది. "జూరాకాన్ అక్కా, ఫోటో ఏదీ? బీరువా తాళం తుప్పుపట్టిందా?"

నాయనమ్మ బుసకొడుతూ వెళ్ళి నోటుబుక్కు తీసింది. ఐదో తరంలో బోరోంబాయ్, అతని ఇద్దరు కొడుకులు. ఆవిడకు గుర్తున్నట్టే ఉంది. రెండు వైపులా ఫోటో తీద్దామని కాగితం తిప్పింది. వెనక పెన్సిల్‌తో, అదే కాపరి చేతిరాత: "చిన్నవాడు కన్న కొడుకు కాదు. కరువు ఏడాదిలో దొరికిన అనాథను గుర్రం మీద వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. రక్తం వేరు. పిల్లను ఇవ్వొచ్చు, తెచ్చుకోవచ్చు."

జాజ్‌గుల్ ఆ చిన్నవాడి వైపు పిల్ల. ఆమె చెవుల కమ్మలు ముందు రోజు సాయంత్రమే వెనక్కి వెళ్ళిపోయాయి.

నాయనమ్మ కుర్చీలో కూలబడింది. ముందు ఆవిడ వేలు వెళ్ళింది పోస్టు చెరిపెయ్యడానికే. ఇక్కడ చెరిపినా పదకొండు చోట్ల మిగిలే ఉంటుంది.

చదువు తొమ్మిదో తరగతిలో అటకెక్కించిన మనవడు ఒక సలహా ఇచ్చాడు. "ఫోన్ దొంగలెత్తుకెళ్ళారని రాసెయ్ నాయనమ్మా."

"నోరు మూసుకోరా, అడ్డగాడిదా." తిట్టులో ఎప్పుడూ ఉండే బలం లేదు.

నోటుబుక్కు కోటులో పెట్టుకుని జాజ్‌గుల్ ఇంటికి వెళ్ళింది. ముఖం పైకెత్తలేక గడప దగ్గర బూట్లనే చూస్తూ నిలబడింది. పిల్ల తల్లి ముఖం తిప్పుకుంది. కానీ మా దగ్గర గడప దాకా వచ్చిన మనిషిని రొట్టె ముట్టకుండా పంపరు. రొట్టె ముందుకు చాపింది. నాయనమ్మ ఒక ముక్క తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేక పిడికిట్లోనే పట్టుకుంది.

"చూడకుండా చెప్పాను తల్లీ," అంది జాజ్‌గుల్‌తో. "నీకు చెప్పుకుందామని..."

"నాకెందుకు అవ్వా?" అంది జాజ్‌గుల్. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. "నా బడి పిల్లలే 'అన్నను చేసుకోబోయావా టీచరమ్మా' అని అడుగుతున్నారు. ఎక్కడ చెప్పావో అక్కడే చెప్పు."

ఆ సాయంత్రమే నాయనమ్మ బీరువా ముందు నిలబడింది. మనవడు ఫోన్ పట్టుకున్నాడు. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూపించింది. "నేను జూరాకాన్‌ని. తాళంచెవి జేబులో ఉన్నా లేచి వెళ్ళి చూడలేదు. అందరికన్నా ముందు చెప్పాలనుకున్నాను. ఈ పిల్ల పెళ్ళికి ఏ అడ్డూ లేదు. నా జవాబు వేసుకున్న ప్రతి చోటా దీన్నీ వెయ్యండి."

దానికి తొమ్మిది గుండెలు వచ్చాయి. పదకొండు గ్రంథాలయాల్లో ఏడే మళ్ళీ వేశాయి. మిగతా నాలుగింటికీ కెంజెకాన్ స్వయంగా ఫోన్ చేసి వేయించింది. ఆవిడ ఒక్క వెటకారపు మాట కూడా అనకపోవడం నాయనమ్మకు మరీ కష్టమైంది.

సోల్తోబాయ్ కళ్ళజోడు తెచ్చుకుని పెన్సిల్ రాత రెండుసార్లు చదివాడు. వారం తర్వాత వాళ్ళు మళ్ళీ కమ్మలు పట్టుకెళ్ళారు. జాజ్‌గుల్ ఆ డబ్బీని బల్ల మీద పెట్టించుకుంది. చెవులు మాత్రం ఇవ్వలేదు. "మూడు రోజుల్లో నన్ను వద్దనుకున్నారు. ఆలోచించుకోవడానికి నాకు మూడు నెలలు కావాలి," అంది. ఇప్పటికి రెండో నెల. నాయనమ్మ ఇంకా బడి ముందు నుంచి కాకుండా వాగు గట్టున చుట్టు తిరిగి పనికి వెళుతోంది.

ఇదంతా రాసింది ఆ అడ్డగాడిద మనవడే. రాసి ఆవిడకు చదివి వినిపించాడు. మరీ సిగ్గుపడేలా రాశానా నాయనమ్మా అని అడిగాడు.

"తక్కువ రాశావురా," అంది. "ఆ పిల్ల కమ్మలు తీసిన సాయంత్రం ఊరంతా చెప్పుకుంటుంటే నేనూ విన్నాను. విని కూడా ఇంట్లో నా గుండెలు ఎన్నయ్యాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు నేను సంతోషంగా ఉన్నాను. అది రాయి."