మలుపులో పడిన ట్రౌట్

డీలోయ్‌కి డెబ్బై దగ్గరపడ్డా, అన్న లమార్ లెక్కలో ఇంకా చేతకాని వెధవే. అమెరికాలో వయోమింగ్ కొండల్లోని ఓ జలాశయం మీద ఊహ తెలిసినప్పటి నుంచీ అన్నది ఇంజను, తమ్ముడివి గాలపు కర్రలు. గడ్డకట్టబోయే నీళ్లలో ట్రౌట్ చేపకి ఒళ్లు బద్ధకం, ఎర వెంట పరుగెత్తదు. అందుకని పడవ పాకుతున్నట్టు పోవాలి, వెనక దారాలు ఈడ్చుకుంటూ రావాలి. డీలోయ్ దారం కాస్త ఎక్కువ వదిలాడో, అయిపోయాడన్నమాటే. ఆ దారం అవతలి రాష్ట్రం దాకా పంపుతావేంట్రా అని లమార్ సాయంత్రం వరకూ దెప్పేవాడు.

ఆ తిట్లు ఆగిపోయాయి. లమార్‌కి పట్టిన మాయదారి మతిమరుపు జబ్బు ముందు పేర్లు తినేసింది, తర్వాత మనుషుల మొహాల్ని మింగింది. అన్న కూతురు మార్వా తండ్రిని పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్చడానికి వచ్చింది. తన దగ్గరే ఉంచమని డీలోయ్ బతిమాలాడు. మార్వా చెడ్డపిల్లేం కాదు. ఎవరో పరాయివాడింట్లో ఉన్నాననుకుని తండ్రి బెంగపడతాడేమోనని ఆమె భయం.

"నిన్ను గుర్తుపట్టి ఒక్కసారి పేరు పెట్టి పిలవమను బాబాయ్. ఇక్కడే ఉంచేస్తా," అంది.

అందుకే ఆ పొద్దున అన్నని పడవెక్కించాడు. మార్వా గట్టున కారులో కూర్చుంది.

నీళ్ల మీద లమార్ చేతులు ఏదీ మరిచిపోలేదు. పడవ చక్కగా పాకింది. డీలోయ్ కావాలనే దారం బారలకొద్దీ వదిలి, తిట్టు కోసం చెవులు రిక్కించాడు. అన్న మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. ఆ మర్యాద చూసి డీలోయ్ ప్రాణం ఉసూరుమంది.

రాతిగట్టు దగ్గర పడవ మలుపు తిరిగింది. మలుపులో లోపలివైపు దారం వదులై ఎర కిందికి జారుతుంది. చేప అక్కడే అందుకుంది. కర్ర విల్లులా వంగింది. దారం పోయే కర్ర రింగుల్లో మంచు గడ్డకట్టిందని చూసుకోకుండా డీలోయ్ కంగారుగా దారం చుట్టబోయాడు. అలా చుడితే దారం పుటుక్కుమంటుంది. లమార్ ఒక్క అంగలో వచ్చి కర్ర లాక్కున్నాడు, కొస నీళ్లలో ముంచి మంచు కరిగించాడు, అప్పుడు చుట్టాడు. మూరెడు ట్రౌట్! డీలోయ్ ఆశగా అన్న మొహంలోకి చూశాడు.

"కొత్త కదండీ మీకు, ఫర్వాలేదు," అన్నాడు లమార్. "మా తమ్ముడు డీలోయ్ కూడా ఇంతే. ఎన్నిసార్లు చెప్పినా మంచు చూసుకోడు వెధవ."

"నేనే అన్నా, డీలోయ్‌ని."

లమార్ అతన్ని పరకాయించి చూశాడు. "ఓహో, మీ పేరూ అదేనా?" అన్నాడు. తర్వాత పడవంతా కలయజూసి దిగులుపడ్డాడు. తమ్ముడు లేకుండా తానెప్పుడూ రాడట, పాపం వాడు గట్టున ఎదురుచూస్తుంటాడట.

పడవ ఒడ్డుకు తగలడమే ఆలస్యం, లమార్ దిగి మంచులో అడ్డంగా నడవడం మొదలుపెట్టాడు. డీలోయ్ వెంటపడి, మోకాళ్లలోతు మంచులో అతన్ని పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి ఊపిరి అందలేదు. మార్వా కారు దిగి ఎదురొచ్చింది.

"పేరు చెప్పాడా బాబాయ్?"

చెప్పాడన్న ఒక్క ముక్క చాలు. అబద్ధం కూడా కాదు. డీలోయ్ అన్న కోటు మీది మంచు దులిపి, బొత్తాలు పెట్టి, కారు తలుపు తెరిచి కూర్చోబెట్టాడు.

"తీసుకెళ్లమ్మా," అన్నాడు. "నా దగ్గరుంటే, నన్ను వెతుక్కుంటూ పోతాడు."