రాజు దుంకుడు

పెద్దపల్లి దర్జీ రాజం కత్తెర పడితే ఎంత లావు మనిషికైనా అంగీ అతికినట్టు కుదిరేది. ఇంట్లో బాపుకు ఒక్క నిజం చెప్పాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

బాపు నాగయ్యకు పక్షవాతమొచ్చి కుడివైపు పడిపోయింది. మిగిలిన సంబరమల్లా చదరంగమే. పాత ఆటలో, ఎదుటివాడు ‘షా’ అని బెదిరించక ముందు, రాజు ఒక్కసారి గుర్రంలా దుంకవచ్చు. నిజాం కాలంలో నాగయ్య దొరల వాకిళ్ళలో ఆ దుంకుడుతోనే ఆట మొదలుపెట్టి పెద్దపెద్దవాళ్ళకు చుక్కలు చూపించాడు. ఆ ఎత్తు నలుగురిలో మళ్ళీ గెలిచిందని వింటే చాలు, హాయిగా కన్నుమూస్తాననేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో కరీంనగర్‌లో పోటీ పెడితే రాజం పేరిచ్చాడు. అక్కడిది కొత్త ఆట. బంటు మొదట్లో రెండు గళ్ళు నడుస్తుంది, రాజు మాత్రం దుంకడు. ఆ సంగతి పోటీ పెట్టినవాళ్ళు ముందే వివరంగా చెప్పారు. అది బాపు చెవిన వేస్తే ప్రాణం పోతుందేమోనని రాజం దిగమింగాడు. బయల్దేరే ముందురోజు దాకా సాయంత్రాలు ఆయనతో పాత ఆటే ఆడాడు.

"ఇగ దుంకియ్యిరా, జల్దీ దుంకియ్యి!" అని ఆయన అంటే దుంకించాడు కూడా. ఇదేం పితృభక్తో!

పోటీలో మొదటి ఆట. ఎదురుగా కచేరీ గుమాస్తా. బంటు జరిగింది, ఇంకో బంటు జరిగింది, గుర్రం వచ్చింది. అంతలో రాజం చెయ్యి తనంతట తానే రాజును ఎత్తి గుర్రంలా దుంకించింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"గట్ల నడ్వదు. ముట్టినవు గదా, రాజునే కదపాలె," అన్నాడు మధ్యవర్తి.

దారి ఒక్కటే, ముందున్న గడి. కాపలా లేక బయటపడ్డ రాజు చుట్టూ గుమాస్తా మంత్రి, ఏనుగులు మూగాయి. తెప్పించిన చాయ్ వచ్చేలోపే ఆట ముగిసింది. సిగ్గుతో రాజం తల ఎత్తలేకపోయాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే మంచంలోంచి బాపు అడిగాడు.

"దుంకిచ్చినవా?"

"దుంకిచ్చిన, బాపు."

"గెల్చినవా?"

"లే. ఓడిన."

ముసలాయన మొహం నల్లబడింది. "అంటే, నా ఎత్తుల పస లేదన్నట్టు."

ఆ మాట తట్టుకోలేక రాజం ఉన్నదంతా కక్కేశాడు. "నీ ఎత్తుది తప్పు లేదు బాపు. అక్కడ రాజు దుంకుడే లేదు. నాకు ముందే తెల్సు. అయినా చెయ్యి ఆగలే."

నాగయ్య కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"ముందే చెప్తే గట్ల రోజూ దుంకిపిద్దునా, బిడ్డా? నీ చెయ్యిని నేనే చెడగొట్టిన గదరా."

రాజం మంచం కోడు దగ్గర కూలబడి ఏడ్చాడు. బాపు ఎడమచేత్తో ఒక్కొక్క పావునూ సంచిలో వేసి, మూతి కట్టమన్నాడు. బతికున్నన్నాళ్ళూ దాన్ని మళ్ళీ విప్పమని అడగలేదు.