చుక్క కింద ఊరు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ చుక్కల మాస్టారు అనేవారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని, పాపం తాగుడు అలవాటు కాబోలు అని జాలిపడేవారు. ఆయన టీ అయినా రెండో కప్పు ముట్టని మనిషి. ఆయన పెట్టే చుక్క వేరు.

మాది రేవు పక్కన, కస్టమ్స్ గోదాము పై అంతస్తులో ఉండే పటాల తనిఖీ విభాగం. బయటి దేశాల నుంచి దిగే సరుకులో ఎక్కడ ప్రపంచపటం కనబడినా అది మా బల్ల మీదికి రావలసిందే. అట్లాసులు, గ్లోబులు సరే, పిల్లల స్కూలు సంచులు, గాలి ఊదుకునే బంతులు, స్నానాల గది తెరలు కూడా వచ్చేవి. ఎందుకంటే మనకూ పొరుగుదేశానికీ మధ్య సముద్రంలో ఒక దీవి ఉంది. అది మనదని మనం, తమదని వాళ్లు. బయటివాళ్లు అచ్చేసే పటాల్లో అది పొరుగుదేశపు గులాబీ రంగులో ఉంటుంది, లేదా అసలే ఉండదు. మన రంగు లేతాకుపచ్చ. కాబట్టి ప్రతి పటం మీదా అక్కడ ఒక లేతాకుపచ్చ చుక్క పెట్టి, సముద్రంలో సరిహద్దు గీతను ఆ చుక్కకు అవతలగా మళ్లీ గీసి, ఆ తర్వాతే బజారులోకి వదలాలి. చుక్కా గీతా మాస్టారి పని. పక్క బల్ల మీద కూర్చుని ‘సరిచూడబడినది’ అని ముద్ర కొట్టడం నా పని. అటువైపు ఆఫీసులోనూ ఇలాంటి మాస్టారొకరు ఉండే ఉంటారు, మన చుక్కలన్నిటికీ గులాబీ రంగు పులుముతూ. మొత్తానికి ఆ దీవి పుణ్యమా అని రెండు దేశాల్లోనూ కొన్ని కుటుంబాలు చల్లగా బతుకుతున్నాయి.

ముప్పై ఏళ్లలో మాస్టారి చెయ్యి ఒక్కనాడూ వణకలేదు. రేకులో బెజ్జం కొట్టిన అచ్చును గ్లోబు మీద ఆనించి, సన్న కుంచెతో రంగు నింపి, రేకు ఎత్తేవారు. అంతే. పని మొదలుపెట్టే ముందు మాత్రం ఒక అలవాటు ఉండేది. మన తీరం ఉత్తరాన కొంచెం లోపలికి వంగే చోటును గోటితో ఒకసారి తాకేవారు. ఆ వంపులో ఒక పడవల ఊరు ఉంది. గ్లోబు మీద దాని పేరుండదు. ఆయన ఒక్కగానొక్క కూతురిది ఆ ఊరే.

నిజానికి స్కూలు గ్లోబు మీద ఆ దీవిని కొలత ప్రకారం వేస్తే చీమ కంటికి కూడా ఆనదు. కానీ దేశభక్తికి కొలతలేమిటి? చెయ్యి చాచినంత దూరం నుంచి మామూలు కంటికి కనబడాలని సర్క్యులర్ ఉంది. నేను చేరినప్పుడు చుక్క ఆవగింజంత. మంత్రిగారు ఒకసారి ఆవేశంగా మాట్లాడాక పెసరగింజంత అయింది. పొరుగువాళ్ల ఓడ ఒకటి అటుగా తిరిగి వెళ్లాక శనగగింజంత అయింది. సర్క్యులర్ వచ్చిన ప్రతిసారీ కొత్త రేకు వచ్చేది. ఒకసారి పెన్సిలు చెక్కుకునే బుల్లి గ్లోబులు వచ్చాయి, ఒక్కోటి నిమ్మకాయంత. దాని మీద శనగగింజంత చుక్క పెడితే పొరుగుదేశపు రాజధాని కాస్తా మాయమైంది. మాస్టారు కంగారుపడి దాన్ని పై అధికారి దగ్గరికి తీసుకువెళ్లారు. అధికారి దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి చూసి, ముసిముసిగా నవ్వి, "పర్వాలేదు, ఉంచండి" అన్నాడు. ఆ రోజంతా మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఇంతగా సముద్రానికి గీతలు గీసిన మాస్టారు పడవ ఎక్కింది లేదు. రేవు గట్టు మీద నిలబడితేనే ఆయనకు కళ్లు తిరిగేవి. అల్లుడిది చిన్న మరపడవ, తనే నడుపుకునేవాడు, తనే చేపలు పట్టేవాడు. మంచి సరదా మనిషి. "మావయ్యా, మీరు సముద్రానికి హద్దులు పెడతారు, అదేమో మీకు కళ్లు తిప్పుతుంది. లెక్క సరిపోయింది" అని ఆటపట్టించేవాడు. అయినా అతను కొత్త పడవ కొన్న రోజున మాస్టారు తన చేత్తో గీసిన పటాన్ని అద్దం బిగించి కానుకగా ఇచ్చారు. "ఈ గీత దాకా మనదే బాబూ. ఎవడికీ భయపడక్కర్లేదు" అన్నారు.

పడవలవాళ్లకు అసలు హద్దు వేరే తెలుసు. పొరుగువాళ్ల గస్తీ పడవ ఎక్కడ కూత పెడితే అదే హద్దు. అల్లుడికీ తెలుసు. రెండేళ్లపాటు ఆ పటం పడవలో అలంకారంగానే వేలాడింది. మూడో ఏడు ఒడ్డు దగ్గర చేప దొరకలేదు. ఉన్నదంతా దీవి వైపు చేరిందని చెప్పుకున్నారు. అప్పటికి మాస్టారి కూతురికి నాలుగో నెల. ఒక ఉదయం అతను పటం వైపు చూసి, పక్క పడవవాళ్లతో "మా మావయ్య గీత చాలా దూరం ఉందిరా" అని నవ్వి, ముందుకు పోనిచ్చాడు. సాయంత్రానికి పక్క పడవవాళ్లు తిరిగొచ్చారు. అతను రాలేదు. పొరుగుదేశపు కాపలావాళ్లు పట్టుకుని దీవి మీది రేకుల షెడ్డులో పెట్టారు.

మర్నాడు కూతురు నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ తండ్రి బల్ల ముందు నిలబడింది. బల్ల మీద ఆ పూట చుక్కలు పెట్టిన గ్లోబులు వరసగా ఆరుతున్నాయి. ఏడవలేదు, తిట్టలేదు. "ఆయన నువ్వు గీసిన గీత లోపలే ఉన్నారు నాన్నా" అంది. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం.

ఆయన్ని ఒంటరిగా పంపలేక ఆఫీసులన్నిటికీ నేనూ వెంట తిరిగాను. ముందు విదేశీ వ్యవహారాల ఆఫీసు. అక్కడి యువ అధికారి చాలా మర్యాదస్తుడు.

"ఎక్కడ ఉంచారండీ మీ అల్లుడిని?"

"దీవిలో బాబూ."

"అది మనదే కదండీ. దేశంలోపల ఉన్న మనిషి గురించి విదేశీ శాఖ ఎలా రాస్తుంది?"

"పట్టుకున్నది పొరుగువాళ్లు."

"మన దీవిలో వాళ్లెందుకుంటారండీ? ఉన్నారని మేం రాసిస్తే, ఒప్పేసుకున్నట్టే కదా!"

దరఖాస్తులో ‘నిర్బంధించిన దేశం’ అని ఒక గడి ఉంది. మాస్టారు పెన్ను పట్టుకుని దాని ముందు చాలాసేపు కూర్చున్నారు. పొరుగుదేశం పేరు రాస్తే దీవి వాళ్లదని ప్రభుత్వోద్యోగే సంతకం పెట్టినట్టు. రాయకపోతే దరఖాస్తు చెల్లదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పోలీస్ స్టేషన్లో తప్పిపోయినవాళ్ల జాబితాలో రాయించబోతే, "ఎక్కడున్నాడో మీకే తెలుసు. ఇంక తప్పిపోవడమేంటి పెద్దాయనా?" అన్నారు. తీర రక్షణ ఆఫీసులో ఇంకా నయం, కుర్చీ వేసి చెప్పారు. "మన జలాల్లో మన మనిషిని ఎవరూ పట్టుకోలేరు. కాబట్టి అలాంటిదేం జరగలేదు. ధైర్యంగా ఉండండి. ఎంతైనా మన గడ్డ మీదే ఉన్నాడు కదా." నాకు ఒళ్లు మండిపోయింది. మాస్టారికి కోపం కూడా రాలేదు. ముప్పై ఏళ్లుగా సర్క్యులర్లలో చదివి చదివి ఆ వాక్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన కుంచె కింద పెట్టి నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, దీవి మనదే కదా?"

"కాదని మన ఆఫీసులో అనగలమా మాస్టారూ?"

"మరి దాని మీద ఉన్న షెడ్డు ఎవరిది?"

"మనదే అవ్వాలి."

"అయితే నా అల్లుడు మన జైల్లోనే ఉన్నాడు. పద."

కాగితాల ప్రకారం దీవి మా జిల్లాలోదే. జిల్లా జైలు సూపరింటెండెంట్ దరఖాస్తు చదివి ముందు నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపేశాడు. అలాంటి జైలు తన కింద లేదంటే దీవి మనది కాదన్నట్టే, మర్నాడే ఉద్యోగం ఊడుతుంది. ఉందంటే ఖైదీ సంగతి చూడాలి. నుదురు తుడుచుకుని రిజిస్టరు తెరిచాడు. అల్లుడి పేరు రాశాడు. నేరం అనే గడి దగ్గర కాసేపు ఆగి, "అది తర్వాత చూసుకుందాం" అన్నాడు. శిక్షాకాలం అనే గడిలో తనకు తోచిన చక్కటి మాట రాశాడు: ‘దీవి వివాదం తేలేవరకు’.

"పూర్తిగా వదిలేయండి సార్" అన్నారు మాస్టారు.

"వదలాలంటే కోర్టు చెప్పాలి. పదిహేను రోజుల పెరోలైతే నా సంతకం చాలు."

"అమ్మాయి కడుపుతో ఉంది. ముందు ఒడ్డెక్కనివ్వండి, తర్వాత సంగతి తర్వాత" అని మాస్టారు అతను చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేశారు. పక్కనే ఉన్న నేను కూడా సాక్షి సంతకం పెట్టాను. ఉత్తర్వును ‘జైలర్, దీవి’ అని చిరునామా రాసి రిజిస్టరు పోస్టులో వేశాం. పోస్టాఫీసు గుమాస్తా కవరు తూచి రసీదు ఇచ్చాడు. ఆ కవరు ఇప్పటికీ ఏ సంచిలో తిరుగుతోందో!

అసలు కథ దీవిలో వేరే నడిచింది. కాపలావాళ్లు ఐదుగురు. వాళ్ల జనరేటరు పాడై నెల్లాళ్లయింది. అల్లుడు దాన్ని బాగుచేశాడు. దాంతో వాళ్లకు అతన్ని వదలబుద్ధి కాలేదు. కాపలా మారి కొత్తవాళ్లు వచ్చాక, ఇక్కడ ఇంకో మనిషికి తిండెక్కడ పెడతామని విసుక్కుని, పడవలో కాస్త డీజిలు పోసి పొమ్మన్నారు. అతను ఒడ్డుకు చేరిన మర్నాడు మన పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది: మన ఉత్తర్వుకు తలవంచిన పొరుగుదేశం. కింద సూపరింటెండెంట్ ఫొటో.

ఆ ఆదివారం నేనూ అతన్ని చూడటానికి వాళ్ల ఊరు వెళ్లాను. మాస్టారు అల్లుడి పక్కనే కూర్చుని అతని మోచేయి పట్టుకుని ఉన్నారు, వదిలితే మళ్లీ పోతాడేమో అన్నట్టు. చివరికి ముప్పై ఏళ్ల సందేహం అడిగారు.

"ఎంతుంటుంది బాబూ అది?"

"మీ గోదాములో సగం ఉండదు మావయ్యా. ఆ చివర వాళ్లు పొయ్యి పెడితే ఈ చివర నాకు దగ్గు. అంతా పక్షుల రెట్టే, తెల్లగా ఉంటుంది. ఆకుపచ్చ అన్నది వెతికినా దొరకదు."

నేను నవ్వాను. మాస్టారు నవ్వలేదు.

అతను ఒడ్డెక్కిన పదహారో రోజు పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. పెరోలు అయిపోయింది, ఖైదీని తిరిగి జైలుకు చేర్చాలి. "ఎలా చేరుస్తారు?" అని కూతురు నిలదీస్తే, అతను బిక్కమొహం వేశాడు. "అదే నాకూ తెలీదమ్మా. పడవ ఇవ్వరు. ఇచ్చినా, వెళ్తే వాళ్లు కాలుస్తారు." అందుకని పెరోలును ఇంకో పదిహేను రోజులు పొడిగించారు. ఆ తర్వాత ఇంకో పదిహేను. ప్రతిసారీ స్టేషన్లో సంతకం పెట్టాలి, ఒడ్డు దాటకూడదు. పడవ లైసెన్సు స్టేషన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అల్లుడు రేవులో ఇతరుల పడవల ఇంజన్లు బాగుచేసి, వాటిని సముద్రంలోకి పంపి, తను గట్టున నిలబడేవాడు. సరదా మాటలు మానేశాడు.

శిక్ష రద్దు చేయించాలని మాస్టారు మళ్లీ జైలు ఆఫీసుకు వెళ్లారు. సూపరింటెండెంట్‌కు అప్పటికి పదోన్నతి వచ్చింది. టీ తెప్పించాడు.

"మాస్టారూ, మీరే ఆలోచించండి. ఆ దీవిలో మన మనిషి ఒక్కడూ లేడని వాళ్లు దేశదేశాల్లో చెప్పుకుంటున్నారు. ఇప్పుడు ఉన్నాడు. రికార్డు ప్రకారం మీ అల్లుడి నివాసం అదే. శిక్ష తీసేస్తే దీవి ఖాళీ అయిపోదూ?"

"వివాదం మొదలై అరవై ఏళ్లయింది సార్. ఎప్పటికి తేలేను?"

"అందుకే కదా, తొందరపడకూడదు."

మనవరాలు పుట్టింది. పేరు నమోదు చేయించడానికి మాస్టారే వెళ్లారు. తండ్రి శాశ్వత నివాసం అన్న చోట గుమాస్తా కంప్యూటరులో చూసి దీవి పేరు కొట్టాడు. తల్లిని కూడా భర్త చిరునామాకే మార్చాడు. వద్దు బాబూ అని మాస్టారు బతిమాలితే, రికార్డులో అలాగే ఉందన్నాడు. ఆ బిడ్డ ఇంకా మెడ నిలపకముందే కొత్త సర్క్యులర్ వచ్చింది. దీవి జనాభా మూడు రెట్లు పెరిగినందున చుక్క పరిమాణాన్ని తదనుగుణంగా పెంచవలెను. దానితోపాటు కొత్త రేకు. బెజ్జం రేగుపండంత ఉంది.

మాస్టారు స్కూలు గ్లోబు ఒకటి ముందుకు లాక్కున్నారు. ఉత్తరపు వంపును గోటితో తాకారు. రేకు ఆనించి, రంగు నింపి, ఎత్తారు. చుక్క అటు పొరుగువాళ్ల తీరాన్ని కప్పేసింది. ఇటు మన తీరం మీదికీ వచ్చేసింది. ఆయన భూతద్దం తీసి వంపు కోసం వెతికారు. అక్కడ వంపు లేదు.

"పిల్ల ఊరు దీని కింద పోయిందయ్యా" అన్నారు నాతో.

గ్లోబు పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. "సార్, ఇది మన ఊరు. మన మనుషులున్న ఊరు" అని వేలు పెట్టి చూపించారు. వేలికి తడి రంగు అంటుకుంది. అధికారి గ్లోబును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పర్వాలేదు, ఉంచండి" అన్నాడు.

మాస్టారు తిరిగొచ్చి కూర్చుని, గ్లోబును నా బల్ల మీదికి జరిపారు. రంగు ఇంకా ఆరలేదు. నేను ముద్ర కొట్టాను.